మాండలిన్: వాద్యమును చూచి కొనుట, చేతిని తీర్చుట

మా మేనకోడలికి పండ్రెండవ యేట మాండలిన్‌పై మనసు పోయినది. ఇంట వీణ యుండగా ఈ పరదేశపు వాద్యమేల యని మా వదినగారికి కొంత అయిష్టము లేకపోలేదు. అయినను పిల్ల పట్టు విడువలేదు. ఒకనాటి సాయంకాలము ముగ్గురమును కలిసి బజారునకు పోయితిమి. దుకాణమునందు వ్రేలాడుచున్న వానిలో నెల్ల మిక్కిలి నిగనిగలాడుచు, అంచులయందు ముత్యపుచిప్ప పొదిగినట్లు కనుపించుచున్న దానిని ఏరి, బేరమాడి, ఇంటికి తెచ్చితిమి. చూపునకు ఆభరణమువలె నుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి పోయిరి.

నెల గడచునప్పటికి పిల్ల వ్రేళ్లకొనలు చిట్లి నెత్తురు కనుపించెను. ఎంత సాధించినను క్రింది స్వరములు కొంత సరిగా పలుకునే కాని, పైకి పోయినకొలది ప్రతి స్వరమును శ్రుతి తప్పుచుండెను. "అత్తయ్యా! నేను నొక్కవలసిన చోటనే నొక్కుచున్నాను" అని పిల్ల కన్నీళ్లు పెట్టుకొని చెప్పినను మేము వినలేదు. "నీకు శ్రుతిజ్ఞానము లేదు, మీ అమ్మ చెప్పినట్లు వీణయే నేర్చుకొనవలసినది" అని కేకలు వేసితిమి. పిల్ల మారు పలుకక వాద్యమును పాత చీరలో చుట్టి అటకమీద పెట్టెను. ఏడాది కాలము అది యచ్చటనే యుండెను. ఆ యేడాదిలో నా పిల్ల స్నానము చేయుచు కూడ కూనిరాగము తీయుట మానివేసినదని మేము చాల ఆలస్యముగా గ్రహించితిమి.

పిమ్మట మా యింటి వీణకు మెట్లు కదలినవని, వీణలు ఫిడేళ్లు బాగుచేయు ఒక వృద్ధుని పిలిపించితిమి. మాటలలో మాండలిన్ సంగతి వచ్చినది. ఆయన దానిని దింపించి, నడుమ మెట్టు దగ్గర తంతిక్రింద ఒక సన్నని కొలబద్దను దూర్చి చూచి నవ్వెను. "అమ్మా! దీనిని నొక్కవలెనన్న పహిల్వాను వ్రేళ్లు కావలెను. ఈ బ్రిడ్జి యుండవలసిన చోట లేదు. పిల్ల ఎక్కడ నొక్కిన నేమి, స్వరము ఎట్లు కుదురును?" అనెను. ఒక గంటసేపు పనిచేసి, బ్రిడ్జిని క్రిందికి దించి, చిటికెన వ్రేలి వెడల్పున వెనుకకు జరిపి, క్రొత్త తంతులు కట్టి పిల్లచేతికిచ్చెను. పిల్ల మీటి చూచుకొన్నది. ఆ వాద్యమే, ఆ వ్రేళ్లే. స్వరము మాత్రము వేఱు. దోషము పిల్ల చెవిలో లేదు, మేము కొన్న కొయ్యలో నున్నదని తెలిసిననాడు మాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు. అమ్మినవాడు తంతుల యెత్తు సరిచేయకయే అమ్మెను. మేమును మెఱుగు చూచి కొంటిమి. మఱియొక యింట నిట్లు జరుగకుండవలెనని మేము ఆ పిమ్మట తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా వాద్యము సంగతి. మాండలిన్‌కు ఎనిమిది తంతులు. అవి రెండేసి జతలై నాలుగు జంటలుగా నుండును. ఒక్కొక్క జంటలోని రెండు తంతులును ఒకే స్వరమున పలుకవలెను. పాశ్చాత్య పద్ధతిలో లావు తంతినుండి సన్న తంతివఱకు వరుసగా జి, డి, ఎ, ఇ అని శ్రుతిచేయుదురు. ఫిడేలు శ్రుతియు నిదియే. ఒక జంటకును దాని తరువాతి జంటకును నడుమ షడ్జ పంచమముల దూరముండును. కనుక ఫిడేలు నేర్చిన చేతికి మాండలిన్‌పై స్వరస్థానములు క్రొత్తగా తోచవు. భేదమేమన, ఫిడేలునకు మెట్లు లేవు, కమాను గలదు. దీనికి మెట్లు గలవు, కమాను లేదు. కమాను నాదమును లాగి నిలుపును. మాండలిన్ తంతి పొట్టిది. మీటినంతనే పలికి, అంతలోనే అణగిపోవును. ఈ లోపమును కప్పుటకే పూర్వులు తంతులను జంటలుగా కట్టిరి. పలకను క్రిందికి మీదికి ఎడతెగక ఆడించి నాదము నిలిచినట్లు వినిపించు ట్రెమొలో అను విధానమును కల్పించిరి. సినిమా పాటలలో వెన్నెల రాత్రుల వేళ గలగలమని వినవచ్చు ధ్వని యిదియే.

దీని పుట్టినిల్లు ఇటలీ. నేపుల్సు నగరమున 18వ శతాబ్దపు నడిమికాలమున దొప్పవంటి వీపుతో రూపుదిద్దుకొన్నది; 19వ శతాబ్దమున పాస్క్వాలె వినాచియా యను పనివాడు దానిని ఉక్కుతంతులకు తగినట్లు బలపరచెను. స్త్రీలకును దీనికిని స్నేహము నిన్న నేటిది కాదు. బీథోవెన్ 1796లో ప్రాగు నగరమున నున్నప్పుడు జోసెఫీన్ క్లారీ యను యువతికై మాండలిన్‌పై వాయించు కృతులు వ్రాసెను. ఇటలీ రాణి మార్ఘెరీటా స్వయముగా మాండలిన్ వాయించెడిది. మన కాలమునకు వచ్చిన, అమెరికాలో బ్లూగ్రాస్ అను జానపద సంగీతమునకు సంబంధించిన అంతర్జాతీయ సంఘమువారు ఏటేట ఉత్తమ మాండలిన్ వాదకుని ఎన్నుకొందురు. 2016లో ఆ గౌరవమును సియెర్రా హల్ అను యువతి పొందెను. అంతకుమున్ను స్త్రీ కెవ్వతెకును అది దక్కలేదు.

ఇప్పుడు బజారులో కనుపించు ఆకారములు. దొప్పవీపు వాద్యము ఒడిలో నిలువక జారును. చీర కట్టుకొన్నవారి ఒడిలో మఱింత జారును. అందులకై కొందరు తడిపి పిండిన తోలుముక్కనో రబ్బరు గుడ్డనో ఒడిలో వేసికొందురు. దీని ధ్వని మృదువు. కాని పలక సున్నితమగుటచే లావు తంతులు కట్టిన క్రుంగిపోవును. పాతకాలపు దొప్పవీపు మాండలిన్ ఏదైన మీ యింట నున్నచో దానికి సన్న తంతులు మాత్రమే కట్టుడు.

చదునువీపుదియు, ఫిడేలు పలకవలె ఉబ్బెత్తుగా చెక్కినదియు తక్కిన రెండు తెగలు. ఫిడేలువలె చెక్కు పద్ధతిని అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ కనిపెట్టి 1898లో పేటెంటు పొందెను. అతని పేర వెలసిన కంపెనీలో 1922 మొదలు వెలువడిన ఎఫ్-5 అను మాదిరి నేటికిని పలువురు పనివారికి ఒరవడియై యున్నది. బిల్ మన్రో అను ప్రసిద్ధ వాదకుడు 1923లో తయారైన అట్టి యొకదానిని, ఒక మంగలి దుకాణమున అమ్మకమునకు పెట్టియుండగా చూచి కొని, జీవితమంతయు దానినే వాయించెను. ఈ ఎఫ్ మాదిరికి ఒక ప్రక్క నత్తగుల్లవలె చుట్టుకొన్న కొమ్ము ఉండును. చూచుటకు ముచ్చటయే కాని, ఆ కొమ్మువలన నాదమున వచ్చు భేదము వినికిడికి అందనంత స్వల్పము. ధరలో వచ్చు భేదము మాత్రము బాగుగనే తెలియును. బాదముగింజవలె నుండు ఎ మాదిరి వాద్యము అంత ధరకే యింతకంటె మేలైన కొయ్యతో దొరకును. మేము ఆనాడు కొమ్మును చూచియే కొంటిమి. పలకపై గుండ్రని రంధ్రమున్నచో నాదము నిండుగా, కొంత నిలుకడగా నుండును. ఫిడేలువలె రెండు వంకర రంధ్రములున్నచో తీక్ష్ణముగా, దూరము వినవచ్చునట్లు పలుకును. ఇది రుచిని బట్టి యెన్నుకొనవలసినది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి గలదు. పిల్ల ఏ సంగీతము వాయింపగోరుచున్నది? సినిమా పాటలు, భావగీతములు, పాశ్చాత్య సంగీతము కోరునేని ఎనిమిది తంతుల వాద్యమే తగినది. త్యాగరాజ కీర్తనలు, వర్ణములు కోరునేని మాత్రము కొనకమునుపే ఆగి ఆలోచింపవలెను. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము. జంట తంతులను ఒక వ్రేలితో నొక్కి లాగిన రెండును సమముగా లాగబడవు, శ్రుతి చీలును. జారుదమన్నను మార్గమధ్యముననే నాదము అణగిపోవును. ఈ వాద్యము మన సంగీతమునకు పనికిరాదని పెద్దలు చాలకాలము తలచుటకు కారణమిదియే. వారి తలపు అకారణము కాదు.

ఆ తలపును మార్చినవాడు మన తెలుగుబిడ్డయే. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాదకులు. ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలిన్‌ను చేతబట్టిన ఆ బాలునికి, చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు గురువులైరి. ఇందు వింత యేమన, సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, పిల్లవాడు విని, ఆ పాటను తంతిపైకి తెచ్చుకొనెడివాడు. చేతి పద్ధతిని చూపువారు లేనందున తన పద్ధతిని తానే కల్పించుకొనవలసి వచ్చెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవమున మొదటి కచేరి. 1981లో చెన్నపురి సభలో వాయించునప్పటికి పండ్రెండేండ్లవాడు. జంట తంతులను విడిచి, ఒంటి తంతులు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, నాలుగింటికి మాఱుగా ఐదు తంతులు కట్టించుకొనెను. విద్యుత్తువలన నాదము నిలిచినది. ఒంటి తంతివలన గమకము లొంగినది. 1998లో పద్మశ్రీ వచ్చెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదేండ్లకే చెన్నపురిలో కన్నుమూసిరి. వారి త్రోవలోనే శ్రీఉష, శిరీష అను అక్కచెల్లెండ్రు మాండలిన్ సోదరీమణులను పేర కచేరీలు చేసి పేరు గనిరి.

కనుక కీర్తనలు నేర్వగోరు పిల్లకు ఒంటి తంతుల విద్యుత్ వాద్యమును కొనుట ఉత్తమము. దానితోపాటు నాదమును పెంచు పెట్టెయు కావలెను. ఆ వ్యయమును ముందే లెక్కించుకొనుడు. పెట్టెకు తగిలింపనిచో ఆ వాద్యము దోమ రొదవలె మాత్రమే పలుకును. ఒకే గోడకు ఇద్దరు కాపురముండు నేటి యిండ్లలో, చంటిబిడ్డలు నిద్రించు రాత్రివేళ ఇది యొక సుగుణమే. అంత వెచ్చింపలేని వారు సాధారణ మాండలిన్ కొని, ఒక్కొక్క జంటలో నొక తంతిని తీసివేసి మొదలు పెట్టవచ్చును. ధ్వని కొంత పలుచనగును. అయినను వ్రేళ్లకు సులువు, గమకమునకు అనుకూలము.

దుకాణమున నిలిచి చూడవలసినవి నాలుగైదు గలవు. వీనికి సంగీతము వచ్చియుండనక్కరలేదు. దండిపై పండ్రెండవ మెట్టును లెక్కించి చూచుకొనుడు. అచ్చట మెట్టునకును తంతికిని నడుమ ఎడము ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్లు ఉండవలెను. మూడు దాటెనా, అది మా మేనకోడలి వాద్యమే. తరువాత తంతిని ఊరక మీటి, పిమ్మట పండ్రెండవ మెట్టుపై నొక్కి మీటుడు. రెండవది మొదటిదానికి సరిగా పై స్థాయి స్వరము కావలెను. శ్రుతి చూపు సాధనములు నేడు చేతిఫోనులలోనే యున్నవి గనుక చెవిపై సందేహమున్నవారు దానిని చూచుకొనవచ్చును. నొక్కిన స్వరము హెచ్చుగా నున్నచో బ్రిడ్జిని దండికి దూరముగా జరుపవలెను. తగ్గుగా నున్నచో దండివైపు జరుపవలెను. మాండలిన్ బ్రిడ్జి సాధారణముగా అంటించబడదు. తంతుల బరువుతోనే నిలుచును. ఈ సంగతి తెలియకయే మేము ఏడాది పోగొట్టుకొంటిమి.

పిమ్మట ఒక్కొక్క తంతిపై మొదటి మెట్టునుండి చివరివఱకు నొక్కుచు మీటి, ఎచ్చటనైన జీరగా పలుకుచున్నదేమో వినుడు. దండిని కంటికి ఎదురుగా, తుపాకి గురి చూచినట్లు పట్టి, వంకర యున్నదేమో చూడుడు. బిరడాలు త్రిప్పునప్పుడు ఒక మారు బిగుసుకొని ఒక మారు జారునవి పనికిరావు. ఎనిమిది తంతుల లాగుడు మొత్తము యాబది కిలోలకు మించును. ఆ బరువును రేయింబవళ్లు మోయవలసిన కొయ్య యది. పలక ఒకే కొయ్యదైన మంచిది. పొరలు అంటించినదైనను తొలి యేండ్లకు దోషము లేదు. సరిగా సవరించిన చవుక వాద్యము, సవరింపని ఖరీదు వాద్యముకంటె వేయి రెట్లు మేలు. కనుక కొనునప్పుడే "తంతుల యెత్తు సరిచేసి యిత్తురా?" అని యడుగుడు. ఈయనన్నచో బాగుచేయువాని కూలిని ధరలో కలిపి లెక్క చూచుకొనుడు.

ఇక చేయి. ఎడమచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ దండి తేలికగా ఆనియుండవలెను. అరచేయి దానిని అంటరాదు. రోకలి పట్టు పట్టిన వ్రేళ్లు కదలవు. వ్రేళ్లు దండికి అడ్డముగా గాక కొంచెము ఏటవాలుగా వచ్చును. మెట్టుమీద గాక, మెట్టునకు సరిగా వెనుక, బిరడాలవైపున, వ్రేలికొనతో నొక్కవలెను. అచ్చట నొక్కిన స్వల్పబలమే చాలును. రెండు మెట్ల నడుమ నొక్కిన రెట్టింపు బలము కావలెను, పలుకు జీరపోవును. తొలి రెండు మూడు వారములు వ్రేళ్లకొనలు మండుట సహజమే. ఒకేసారి గంట కూర్చుండుటకంటె పది పదునైదు నిమిషముల చొప్పున దినమునకు మూడు మార్లు సాధించిన కాయలు కాచి నొప్పి పోవును. కాని నెత్తురు వచ్చుట సహజము కాదు. మణికట్టు నొప్పియు సహజము కాదు. ఆ రెండింటిలో నేది కనుపించినను పిల్లను గాక వాద్యమును, కూర్చుండు తీరును పరీక్షింపవలెను.

కుడిచేతిలో మీటు పలకను చూపుడువ్రేలి ప్రక్కన నుంచి బొటనవ్రేలితో మూయవలెను. కొన మాత్రమే బయటికి కనుపించవలెను. మిక్కిలి పలుచని పలక తంతికి తగిలి చప్పుడు చేయునే కాని నాదము నీయదు. ఒక మిల్లీమీటరు మందము గలది మొదలిడుటకు మంచిది. పట్టు ఎంత వదులుగా నుండవలెననగా, ఎవరైన లాగిన ఊడివచ్చునంత. కదలిక మోచేతినుండి గాక మణికట్టునుండి రావలెను, తడిచేతిని విదిలించినట్లు. క్రిందికొక మీటు, మీదికొక మీటు, ఈ వరుస తప్పరాదు. పిల్లలు సాధారణముగా అన్నియు క్రిందికే మీటుదురు. మొదటికాలమున అది సాగును, రెండవకాలము వచ్చునప్పటికి చేయి తడబడును. ట్రెమొలో నేర్చువారు వేగమునకై తొందరపడరాదు. లెక్కకు నాలుగు మీట్లు సమముగా పడిన పిమ్మట ఎనిమిది, ఆ పిమ్మటనే తక్కినది. వడివడిగా ఎగుడుదిగుడుగా వాయించిన ట్రెమొలో విన్నవారికి వణకు పుట్టించును.

మన సంగీతము నేర్చు పిల్లలకు ఒక సులువు గలదు. దానిని తెలిసికొన్ననాడు మాకు గొప్ప సంతోషము కలిగెను. జి, డి, ఎ, ఇ అని కట్టిన తంతులలో ఎ జంటను జి వఱకును, ఇ జంటను డి వఱకును ఒక్కొక్క స్వరము దింపుడు. ఇప్పుడది ఫిడేలునకు మనవారు చేయు స-ప-స-ప శ్రుతి యైనది. తంతులు వదులగునే కాని బిగియవు గనుక తెగునను భయము లేదు; జారుటకును అనుకూలము. జి యనగా మన లెక్కలో ఐదవ శ్రుతి. ఆడుపిల్లలు పలువురు పాడుకొను శ్రుతి దాదాపుగా నిదియే. పిల్ల గొంతులోని ఆధార షడ్జము లావు తంతియందే దొరకును. సన్న తంతులపై వాయించునది ఒక స్థాయి పైకి వచ్చును. కావున నోటితో పాడుచునే వాయింపవచ్చును. గురువుగారు పాడగా శ్రీనివాస్ నేర్చినది ఈ త్రోవనే గదా.

సరళీ వరుసలు మాయామాళవగౌళలో నేర్పుదురని అందరు నెఱిగినదే. షడ్జపు తంతిని ఊరక మీటిన స. మొదటి మెట్టున రి. నాలుగవ మెట్టున గ. ఐదవ మెట్టున మ. తరువాత పంచమపు తంతిని ఊరక మీటిన ప. మఱల మొదటి మెట్టున ద, నాలుగవ మెట్టున ని, ఐదవ మెట్టున పై స. చూచితిరా, ఒక తంతిపై వ్రేళ్లు ఎచ్చట పడినవో రెండవ తంతిపైనను అచ్చటనే పడినవి. చూపుడువ్రేలు మొదటి మెట్టునకు, నడిమివ్రేలు నాలుగవదానికి, ఉంగరపువ్రేలు ఐదవదానికి. చిటికెనవ్రేలితో ఏడవ మెట్టును నొక్కిన పంచమము పలుకును. అది తరువాతి తంతి ఊరకపలుకుతో ఏకమగుచున్నదో లేదో చూచుకొన్న శ్రుతి పరీక్షయు నయినట్లే. జంట వరుసలైతే ఈ వాద్యమునకే పుట్టినట్లుండును: స స రి రి, ఒకటి క్రిందికి ఒకటి మీదికి. తల్లి కూర తరుగుచునే ప్రక్కగదినుండి విని చెప్పగల తప్పులు ఇవి.

వరుసలు మూడు కాలములందును నిలకడగా వచ్చిన పిమ్మట జారు మొదలుపెట్టవలెను. ఒకే మీటు, వ్రేలిని తంతినుండి ఎత్తక, నొక్కు విడువక, ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు పోవలెను. చేరుచోటను ముందుగా చెవిలో విననిచో వ్రేలు దాటిపోవును. ప్రతి స్వరమునకును మీటు వేసిన పాట తెగిన పూసలవలె వినవచ్చును. ఏ స్వరమునకు మీటు, ఏ స్వరమునకు జారు అనునది పాట తెలిసిన గురువువలననే నేర్వవలసినది; ఇది కాగితముపై వ్రాయుటకు మాకు చేతగాదు.

మాండలిన్‌కు పెద్ద తోబుట్టువులు కొందరున్నారు. మండోలా, ఆక్టేవ్ మాండలిన్, మండోచెల్లో అని పేర్లు. మండోలా దండి ఇంకను పొడవు, నాదము గంభీరము. శ్రుతి సి, జి, డి, ఎ. ఆక్టేవ్ మాండలిన్ మన మాండలిన్‌కు సరిగా ఒక స్థాయి క్రింద పలుకును. మండోచెల్లో పేరునకు తగినట్లు చెల్లో శ్రుతిది. పాశ్చాత్య దేశములందు ఇవన్నియు కలిసి వాద్యబృందములుగా వాయించుట గలదు. ఒక హెచ్చరిక మాత్రము. అమెరికాలో మండోలా యన్న నొక వాద్యము. ఇటలీ, జర్మనీ, ఇంగ్లండు దేశములలో ఆ పేరుతో ఒక స్థాయి తక్కువ పలుకు ఆక్టేవ్ వాద్యమునే పలువురు పిలుతురు. విదేశమున నున్న బంధువులచే తెప్పించుకొనువారు పేరు చెప్పక, శ్రుతి యేదో వ్రాసి పంపుడు. మెట్ల నడుమ దూరము ఎక్కువగుటచే చిన్న చేతులకు ఇవి అందవు. పదునాలుగు పదునైదేండ్లు వచ్చువఱకు ఆగుట మంచిదని మా యభిప్రాయము.

కాపాడుటకు పెద్ద శ్రమ లేదు. వాయించిన పిమ్మట పొడిగుడ్డతో తంతులను తుడువవలెను. మన కోస్తా చెమటకు ఉక్కు త్వరలో త్రుప్పు పట్టును. ఎండలో మూసిన కారులో ఉంచరాదు, వానకాలమున గోడకు ఆనించరాదు. క్రొత్త తంతులు కట్టునప్పుడు అన్నియు నొక్కసారి విప్పరాదు. బ్రిడ్జి పడిపోయి స్థానము తప్పును. ఒక జంట విప్పి, కట్టి, పిమ్మట రెండవదానిని ముట్టవలెను. శ్రుతి చేయునప్పుడు జంటలో నొకదానిని వ్రేలితో మూసి, రెండవదానిని తగ్గునుండి పైకి తెచ్చి నిలుపుడు. పిమ్మట దానికి తోడుదానిని కలుపుడు.

మా మేనకోడలు ఇప్పుడు ఆదితాళ వర్ణములు వాయించుచున్నది. ఒంటి తంతుల వాద్యము కొందమని మా వదినగారే పైబడి చెప్పుచున్నారు. పిల్ల మాత్రము ఆ కొమ్ముల మాండలిన్‌ను అమ్మనీయదు. మొన్న దసరాకు మేము పోయినప్పుడు, అత్తయ్యా యని పిలిచి, నడుమ మెట్టు దగ్గర కొలబద్దను దూర్చి, "రెండు మిల్లీమీటర్లు, చూచుకొనుడు" అని మాకు చూపినది.